పచ్చిమాట ఒక్కటీ లేని ఉత్తరం

యూనివర్సిటీలో చైనీస్ సాహిత్యం చదువుతానని ఫాన్ సూయిన్ చెప్పినప్పుడు, వాళ్ళ నాన్న తేయాకు ఆరబోసిన చాటలు తిరగేస్తూ ఒకే ఒక్క మాట అడిగాడు. "పుట్టినప్పటినుంచీ మాట్లాడుతూనే ఉన్నావు కదే. ఇంకా నాలుగేళ్ళు కూర్చుని నేర్చుకోవాల్సింది ఏముందందులో?"

అందులో సగం వెటకారం, సగం నిజంగానే తెలియక అడిగింది. సూయిన్ ఇంకో చాట అందుకుంది. చెప్పాలంటే చాలా చెప్పాలి. వాళ్ళది బేయ్‌పూ దగ్గర కొండ ఊరు, ఇంట్లో మాట్లాడేది హక్కా, చైనీస్‌లోనే వేరే పలుకుబడి. బడిలో మాత్రం ప్రభుత్వ భాషే మాట్లాడాలి. నోరు జారి ఇంటి మాట వస్తే మెడలో చెక్కపలక వేసుకుని సాయంత్రం దాకా తిరగాలి. ఆ పలక సూయిన్ మెడలో చాలాసార్లు పడింది. యూనివర్సిటీ చదువుకి తైచుంగ్ పట్నం వచ్చాక పలకలు లేవు కానీ, హాస్టల్లో పట్నం పిల్లలు ఆమె మాట్లాడిన ప్రతిసారీ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకునేవారు. నాలుక మడతపెట్టాల్సిన చోట ఆమెకి మడతపడేది కాదు.

కాగితం మీద యాస వినబడదు. ఈ సంగతి ఆమె మొదటి ఏడాదిలోనే కనిపెట్టింది. ప్రాచీన రచనాశైలి తరగతిలో, రెండు వేల ఏళ్ళ కిందటి పండితులు రాసినట్టు, నాలుగేసి అక్షరాల తూకంతో, ఒక్క ముక్క ఎక్కువ కాకుండా రాయాలి. పట్నం పిల్లలు దానికి తలలు పట్టుకునేవారు. సూయిన్‌కి అది చేపకి నీళ్ళలా ఉండేది. ప్రాచీన శబ్దశాస్త్రం తరగతిలో మరో వింత కూడా తెలిసింది. ఇప్పటి ప్రభుత్వ భాషలో ఎప్పుడో పోయిన పాత హల్లుల ధ్వనులు ఆమె ఇంటి భాషలో ఇంకా బతికే ఉన్నాయట. ఆ వారమంతా ఆమె మెడ నిటారుగా పెట్టుకుని తిరిగింది.

రచనాశైలి చెప్పే తాన్ మాస్టారు సముద్రం అవతలి చైనీస్ ప్రధాన భూమి నుంచి ఈ ద్వీపానికి వచ్చినవాడు. ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల అంగీ వేసుకునేవాడు. పొగడ్త ఆయన నోట్లోంచి వచ్చేది కాదు. బాగున్న మాట పక్కన ఎర్ర సిరాతో ఒక చిన్న సున్నా చుట్టేవాడు, అంతే. ఏడాదిలో పది సున్నాలు తెచ్చుకున్నవాళ్ళని పై తరగతివాళ్ళు కూడా పేరు పెట్టి పిలిచేవాళ్ళు. మూడో ఏడాదికి సూయిన్‌కి ముప్ఫై ఒకటి వచ్చాయి.

ప్రాచీన తత్త్వం తరగతి కూడా ఉండేది. పూర్వపు ఆచార్యులు మాట గురించి చేసిన వాదాలు చదివారు. పేరుకీ వస్తువుకీ పొంతన ఉండాలన్నవాళ్ళు, మాట ఎంతవరకు చాలో అంతవరకే వాడాలన్నవాళ్ళు. పరీక్షలో దాని మీద వచ్చిన ప్రశ్నకి సూయిన్ ఆరు పేజీలు రాసి తొంభై ఒక్క మార్కులు తెచ్చుకుంది.

యూనివర్సిటీ వెనక గేటు దగ్గర చ్యూ చాంగ్‌లిన్ ఆవిరి రొట్టెలు అమ్మేవాడు. ఆయన కూడా సముద్రం అవతలివాడే, షాన్‌తుంగ్ మనిషి. ఇరవై ఏళ్ళ వయసులో సైన్యం ఊరి మీద పడి, దొరికిన మగవాణ్ణల్లా లాక్కుపోయినప్పుడు లాయ్‌యాంగ్ తాలూకాలోని ఇంటి నుంచి బయలుదేరి, ఓడెక్కి, ఈ ద్వీపంలో తేలాడు. సైన్యం వదిలేశాక సైకిలు మీద వెదురు బుట్టలు పెట్టుకుని బతుకు మొదలుపెట్టాడు. పిడికిలి రెండింతలుండే గట్టి రొట్టెలు. రెండు తింటే మధ్యాహ్నం దాకా ఆకలి ఉండదు. పిల్లలంతా ఆయన్ని పెదనాన్నా అని పిలిచేవారు. సూయిన్ యాసని చూసి నవ్వనివాళ్ళలో ఆయనొకడు. నవ్వడానికి ఆయన యాస ఆమె యాసకంటే ఘోరం.

పంతొమ్మిది వందల ఎనభై రెండు చలికాలంలో ఒక పొద్దున ఆయన ఆమెని పక్కకి పిలిచాడు. తనతో పాటు సైన్యంలో ఉన్న ఒకతని మేనల్లుడు హాంకాంగ్‌లో ఉన్నాడట. ఉత్తరం అతనికి పంపితే అతను వేరే కవరులో పెట్టి అవతలికి పంపుతాడట. అంతర్యుద్ధం ద్వీపాన్నీ అవతలి నేలనీ రెండు శత్రు ప్రభుత్వాల కింద విడదీసింది, అప్పటికింకా అవతలికి ఉత్తరం రాయడం నేరం. చ్యూకి చదువు రాదు. తనతో వచ్చినవాళ్ళని అడగడానికి భయం, వాళ్ళలో ఎవడు ఎవడికి చెబుతాడో తెలియదు.

"నువ్వు పుస్తకాలు చదివే పిల్లవి, నీ కడుపులో మాట దాగుతుంది," అన్నాడు.

ఆయన బుట్టల పక్కన స్టూలు మీద కూర్చుని ఆమె రాసుకుంది. ఆయన చెప్పింది ఎంతో లేదు. రోంగ్‌మేకి రాయి, అన్నాడు. రోంగ్‌మే ఆయన భార్య. ఆయన్ని పట్టుకుపోయేటప్పటికి చంకలో ఎనిమిది నెలల ఆడపిల్ల.

"నేను బతికే ఉన్నానని రాయి. రొట్టెలు అమ్ముకుంటున్నాను, తిండికి లోటు లేదు. పళ్ళు రెండు ఊడాయి, అది రాయక్కర్లేదు. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. అమ్మ ఉందా అని అడుగు, పిల్ల ఎలా ఉందని అడుగు. పడమటి గది తలుపు కింద సందుండేది, చలిగాలి కొట్టేస్తుంది, ఆ సందు మూయించుకోమను. దారి తెరిస్తే వస్తాను." బుట్ట మీది గుడ్డ సర్ది, "అంతే," అన్నాడు.

హాస్టల్‌కి వెళ్ళి సూయిన్ ఆ మాటలు చదువుకుంది. ఆమెకి సిగ్గేసింది. ముప్ఫై అయిదేళ్ళ తరవాత భర్త భార్యకి రాసే మొదటి ఉత్తరం కదా. దానికి రొట్టెలూ, తలుపు సందూ, పెళ్ళి చేసుకోలేదనే మొండిమాటా ఏమిటి? ఆమె మూడు రోజులు కూర్చుంది. నల్లసిరా నూరింది, మంచి కాగితం కొంది, కుంచెతో పదహారు పంక్తులు రాసింది. పెళ్ళి మాట ఉన్న చోట ఇలా రాసింది: "శరద్వాయువున దారి తప్పిన హంస దక్షిణపు రెల్లున గూడు చేరినది." ఒంటరి పక్షి ఏ రెల్లుదుబ్బులోనో తలదాచుకుందని ఆమె ఉద్దేశం. తలుపు సందు మాటని, "ఆవలి తీరమున నున్నవారు చలిగాలికి తలుపు మూసికొనుటయే మేలు," అని దిద్దింది. దారి తెరిస్తే వస్తానన్న మాట రాయాలంటే భయమేసింది, కవరు ఎవరైనా విప్పి చూస్తే చ్యూ జైల్లో పడతాడు. దాన్ని "కలలోనైన కలిసెదము" అని మార్చింది.

పంపే ముందు దానికి ఒక నకలు తీసి, అభ్యాసానికి రాసిన లేఖ అని చెప్పి తాన్ మాస్టారికి ఇచ్చింది. మర్నాడు తిరిగొచ్చిన కాగితం మీద తొమ్మిది సున్నాలున్నాయి. హంస పక్కన రెండు. అడుగున ఆయన, ఎన్నడూ లేనిది, ఒక వాక్యం రాశాడు. "ఇందులో పచ్చిమాట ఒక్కటీ లేదు."

ఆమె ఉత్తరం చదివి వినిపిస్తుంటే చ్యూ నోరు తెరుచుకుని విన్నాడు. రొట్టెల కోసం వచ్చిన ఇద్దరిని ఆగమని సైగ చేశాడు. అయ్యాక, "ఇదంతా నేనే చెప్పానా?" అన్నాడు, మొహం వెలిగిపోతూ. తరవాత కొంచెం అనుమానంగా, "పెళ్ళి చేసుకోలేదన్న మాట వచ్చిందా అమ్మాయీ?" అన్నాడు.

"వచ్చింది పెదనాన్నా. హంస మాటలోనే ఉంది."

ఆయన తల ఊపాడు. ఆమెకి ఖర్జూరాలు పెట్టి చేసిన రొట్టె ఒకటి, పండగకి మాత్రమే చేసేది, కాగితంలో చుట్టి ఇచ్చాడు.

జవాబు రావడానికి పది నెలలు పట్టింది. పైన హాంకాంగ్ తపాలా బిళ్ళ, లోపల ముతక కాగితం, దాని మీద ముసలి చేతి రాత. ఆ ఊళ్ళో పాతకాలపు బడిపంతులు ఒకాయన ఉన్నాడని, ఉత్తరం ఆయనే చదివి అందరికీ అర్థం చెప్పాడని, జవాబు కూడా ఆయనే రాస్తున్నాడని మొదటి రెండు పంక్తుల్లోనే తెలిసింది. ఆయన కూడా నాలుగేసి అక్షరాల తూకంతోనే రాశాడు. సూయిన్ గేటు దగ్గర, చ్యూ ఎదురుగా నిలబడి విప్పింది. బయటికి చదవడం మొదలుపెట్టి, కళ్ళు ముందుకి పరిగెత్తడంతో ఆగిపోయింది.

తల్లి కరువు ఏడాదిలో పోయింది. పిల్ల క్షేమం, పెళ్ళయింది, ఇద్దరు బిడ్డలు. ఆ తరవాత ఇలా ఉంది: తమరు అచ్చట గూడు కట్టుకొంటిరని తెలిసి ఇచ్చటివారి మనసు కుదుటపడినది. తలుపు మూసికొనుమన్న తమ మాట మన్నించి, రోంగ్‌మే లేఖ అందిన మూడవ నెలలో పొరుగు వీధి గావ్‌వారి ఇంట అడుగుపెట్టినది. గావ్ భార్య పోయినవాడు, నెమ్మదస్తుడు.

గూడు చేరిన పక్షికి జంట ఉన్నట్టే కదా. తలుపు మూసుకోమంటే ఇక ఎదురుచూడొద్దన్నట్టే. ఆ పంతులే కాదు, తాను చదివినా అలాగే అర్థం చేసుకునేదని సూయిన్‌కి ఒక్క క్షణంలో తెలిసింది. ముప్ఫై అయిదేళ్ళు ఎదురుచూసిన మనిషి, ఆ ఉత్తరం అందిన రెండు నెలలకి వెళ్ళిపోయింది.

ఆమె చదివింది. తల్లి సంగతి చదివింది, పిల్ల సంగతి చదివింది. గావ్ ఇంటి సంగతీ చదివింది. గూడు, తలుపు ఉన్న ఆ రెండు వరసలు మాత్రం దాటేసింది.

"ఇంకేమైనా రాశారా?" అన్నాడు చ్యూ.

"లేదు పెదనాన్నా."

ఆయన బుట్ట మూత తీసి, మళ్ళీ పెట్టాడు. "ముప్ఫై అయిదేళ్ళు," అన్నాడు. "ఎవరుంటార్లే." ఉత్తరం అడిగి తీసుకుని, మడతపెట్టి, చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. ఆ వేళ తెచ్చిన రొట్టెలన్నీ అమ్ముడయ్యేదాకా అక్కడే ఉన్నాడు.

సూయిన్ చదువు ముగించింది, పై చదువు చదివింది, అదే శాఖలో పాఠాలు చెప్పే ఉద్యోగం సంపాదించింది. తాన్ మాస్టారు విరమించాక రచనాశైలి తరగతి ఆమెకే వచ్చింది. లెక్కలు చెప్పే ఒక సహోద్యోగిని పెళ్ళి చేసుకుంది. వెనక గేటు వైపు మాత్రం వెళ్ళడం తగ్గించింది. వెళ్ళిన రోజున ఆయన ఎప్పటిలాగే పెద్ద రొట్టె ఏరి ఇచ్చేవాడు. ఉత్తరాలు విప్పి చూసే రోజులు కాబట్టి మరుగుగా రాయక తప్పలేదని ఆమె తనకి తాను చాలాసార్లు చెప్పుకుంది. పెళ్ళి చేసుకోలేదన్న మాటని ఏ ప్రభుత్వం కాదంటుందన్న ప్రశ్న దాని వెనకే వచ్చేది. చెప్పేద్దామని ఒకసారి గేటు దాకా వెళ్ళింది. ఆయన సైకిలు గొలుసు పడిపోయి చేతులకి నూనె పూసుకుని ఉన్నాడు, ఆమె గొలుసు పట్టుకుని సాయం చేసి వచ్చేసింది. చెప్పడానికి ఆమె దగ్గర అయిదేళ్ళున్నాయి.

పంతొమ్మిది వందల ఎనభై ఏడు చివర్లో దారి తెరిచారు. చ్యూ వసంతంలో బయలుదేరాడు. ఉంగరాలూ చేతి గడియారాలూ కొన్నాడని, అప్పు కూడా చేశాడని గేటు దగ్గర చెప్పుకున్నారు. నలభై రోజులకి తిరిగొచ్చాడు. వచ్చిన మూడో రోజున సూయిన్ తనంతట తాను వెళ్ళింది. ఆయన అన్నీ చెప్పాడు. అమ్మ సమాధి దగ్గర మట్టి పోశాడట. కూతురు తనని నాన్నా అని పిలవడానికి నాలుగు రోజులు తీసుకుందట. గావ్ మంచివాడట, తానే ఎదురొచ్చి, కూర్చోబెట్టి సారా పోశాడట. రోంగ్‌మే వంటింటి గుమ్మంలోనే నిలబడి ఉందట.

తరవాత రెండు చేతులూ బుట్ట మూత మీద పెట్టి, "అమ్మాయీ, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకు," అన్నాడు. "ఆ రోజు నేను పెళ్ళి చేసుకోలేదని నీతో చెప్పానా, చెప్పలేదా? ముసలాణ్ణయ్యాను, నాకు సరిగ్గా గుర్తు లేదు."

ఆయనకి అక్షరం అక్షరం గుర్తుందని ఆమెకి తెలుసు. చెప్పలేదని ఆమె అంటే ఆయన ఒప్పుకునేవాడని కూడా తెలుసు.

"చెప్పారు పెదనాన్నా."

"మరి?"

"నేను రాయలేదు."

"ఎందుకని?"

"అలా రాస్తే... మోటుగా ఉంటుందనుకున్నాను."

ఆయన ఆ మాట గురించి ఆలోచించాడు. "ఎవరికి మోటు?" అన్నాడు. కోపంగా కాదు, తెలియనిది అడిగినట్టే అడిగాడు. ఇంతలో ఒక విద్యార్థి వచ్చి రెండు రొట్టెలడిగాడు. చ్యూ కాగితంలో చుట్టి ఇచ్చి, చిల్లర లెక్కపెట్టి ఇచ్చాడు. అతను వెళ్ళాక గొంతు తగ్గించి అన్నాడు, "గూడు కట్టుకున్నానని ఎందుకు రాయించావని రోంగ్‌మే అడిగింది. నాకు సరిగ్గా చెప్పడం రాలేదన్నాను. నీ ఊసు ఎత్తలేదు. చదువుకున్న పిల్లవి, నీకెందుకు చెడ్డపేరు."

క్షమించమని అడుగుదామని ఇంటి నుంచి తెచ్చుకున్న మాటలు ఆమెకి ఒక్కటీ గుర్తురాలేదు. అటూ ఇటూ పిల్లలు సైకిళ్ళ మీద పోతున్నారు. ఆమె వంగి నమస్కరించి, తరగతికి వెళ్ళి, గంటసేపు పాఠం చెప్పింది.

ఆ తరవాత కూడా ఆయన ఆమెని అమ్మాయీ అనే పిలిచాడు, పెద్ద రొట్టే ఏరి ఇచ్చాడు. కానీ ఉత్తరం రాసిపెట్టమని మళ్ళీ అడగలేదు. కూతురికి నెలకో ఉత్తరం వెళ్ళేది. అవి గేటు ఎదుట కాగితాల కొట్టు నడిపే ఆవిడ రాసేది. ఒకరోజు సూయిన్ సిరా కొనడానికి వెళ్ళినప్పుడు ఆ ఉత్తరం బల్ల మీద ఆరుతోంది. పంక్తికి రెండు తప్పులు. "నడుం నొప్పి తగ్గింది. నువ్వు పంపిన వేరుసెనక్కాయలు అందాయి, కొన్ని బూజు పట్టాయి. పిల్లాణ్ణి కొట్టకు." ఆమె రెండుసార్లు చదివి, సిరా కొనుక్కోకుండానే బయటికొచ్చేసింది.

చ్యూ తొంభై అయిదులో పోయాడు, సైనికుల ఆస్పత్రిలో. ఆమె మూడుసార్లు వెళ్ళి చూసింది. చివరిసారి ఆయన నిద్రలో ఉన్నాడు, లేపొద్దంది నర్సు.

ఇంకో రెండేళ్ళకి అవతలి తీరంలోని చింగ్‌తావ్‌లో ప్రాచీన సాహిత్య సదస్సుకి సూయిన్‌ని పిలిచారు. ఆమె మొదటి రోజు ప్రసంగించి, రెండో రోజు ఎవరికీ చెప్పకుండా లాయ్‌యాంగ్ బస్సెక్కింది. ఉత్తరంతో పాటు ఒకప్పుడు తన చేత్తో రాసి పంపిన చిరునామా ఆమెకి నోటికొచ్చు. ఊళ్ళో అడిగితే చూపించారు. గావ్ పోయి ఏడాది దాటింది. రోంగ్‌మే ఎండలో పీట మీద కూర్చుని వేరుసెనక్కాయలు వలుస్తోంది. పక్కన కూతురి కూతురు, బడిలో చదువుకున్న పిల్ల, ఊలు అల్లుకుంటోంది.

చైనీస్ సాహిత్యం బోధించే సూయిన్‌కి ఆ ముసలావిడ మాటలు పదింట రెండు కూడా అర్థం కాలేదు. మనవరాలే ఇటువి అటు, అటువి ఇటు చెప్పింది. తైచుంగ్ నుంచి వచ్చానని, చ్యూ పెదనాన్న దగ్గర రొట్టెలు కొనుక్కునేదాన్నని సూయిన్ చెప్పింది. ఆయన ఉత్తరం రాసింది తానేనని కూడా చెప్పింది.

ముసలావిడ చేతులు ఆగాయి. ఏదో అంది. మనవరాలు నవ్వుతూ చెప్పింది, "మీరేనా అంటోంది. చాలా బాగా రాశారని ఊరంతా అన్నారట. పంతులుగారు మూడు ఊళ్ళవాళ్ళకి చదివి వినిపించారట. ఏడవనివాళ్ళు లేరంట."

సూయిన్ అన్నీ చెప్పింది. ఆయన చెప్పిన మాటలు వరసగా, ఆయన చెప్పినట్టే చెప్పింది. రొట్టెలు, ఊడిన పళ్ళు, పెళ్ళి చేసుకోకపోవడం, తలుపు సందు. మనవరాలు నవ్వు ఆపేసింది. చెప్పాలా వద్దా అన్నట్టు ఆగింది, తరవాత నెమ్మదిగా చెప్పింది. ముసలావిడ విన్నంతసేపూ ఒళ్ళో ఉన్న తొక్కలని చూస్తూ కూర్చుంది.

"తెలుసట," అంది మనవరాలు. "ఆయన వచ్చినప్పుడే చెప్పాడట, పెళ్ళి చేసుకోలేదని. అప్పటికి ఏం చెయ్యడానికీ లేదు అంటోంది. గావ్ తాతకి అప్పటికే ఒంట్లో బాగుండేది కాదు."

తలుపు సందు సంగతి మాత్రం ఆయన చెప్పలేదట. ముసలావిడ ఆ మాట రెండోసారి చెప్పించుకుంది. ఆ ఇల్లు ఇప్పుడు లేదట, తొంభైలోనే కూలగొట్టి కొత్తది కట్టారట.

మధ్యాహ్నం నూడుల్స్ చేసి పెట్టారు. సూయిన్ గిన్నె ఖాళీ చేసింది. బస్సు వేళ అవుతోందని లేవబోతుంటే ముసలావిడ ఆమె మణికట్టు పట్టుకుని మరొకటి అడిగింది. చివర్లో ఆయన దగ్గర ఎవరున్నారు?

పొరుగువాళ్ళంతా ఉన్నారని చెప్పొచ్చు. నిద్రలోనే హాయిగా పోయాడని చెప్పొచ్చు. నిజం కాని మాట అనిపించకుండా ఇంకా అందంగా చెప్పడం కూడా ఆమెకి వచ్చు.

"ఎవరూ లేరు," అంది సూయిన్.

మనవరాలు నోరు తెరిచేలోపే ముసలావిడ తల ఊపింది. మణికట్టు ఇంకాసేపు పట్టుకుని, వదిలి, లోపలికి వెళ్ళి ఒక సంచీ నిండా వేరుసెనక్కాయలు తెచ్చి ఇచ్చింది. విమానంలో తీసుకెళ్ళనివ్వరేమోనని మనవరాలు అంది. తీసుకెళ్ళనివ్వకపోతే దారిలోనే తినమంది ముసలావిడ. సూయిన్ బస్సులో కిటికీ పక్కన సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బస్సు కదలడానికి ఇంకా చాలాసేపు పట్టింది. సాగనంపడానికి వచ్చిన మనవరాలు ఎండలో అక్కడే నిలబడింది, వెళ్ళమని సూయిన్ ఎన్నిసార్లు చెయ్యి ఊపినా వెళ్ళలేదు.